మణికట్టు లోపలి దెబ్బలు: కట్టుతో సరిపెట్టుకోవాలా, ఆపరేషన్ దాకా వెళ్లాలా?

రెండేళ్ల కిందట వానాకాలంలో పెరటి మెట్ల మీద జారి, కుడి అరచెయ్యి నేలకు ఆనించి పడ్డాను. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందన్నారు, నొప్పి మాత్రలు ఇచ్చారు, సాగే బ్యాండు ఒకటి తొడుక్కోమన్నారు. ఎముక విరగలేదు కాబట్టి బెణికిందంతే అని ఇంట్లోవాళ్లూ నేనూ నిశ్చింతగా ఉన్నాం. నాలుగు నెలల తరవాత ఒక ఉదయం బడి గది తాళం తిప్పబోతే చిటికెన వేలి వైపు చిటుక్కుమని, తాళంచెవి చేతిలోంచి జారిపోయింది. మణికట్టులో ఎక్స్‌రేకు కనపడని భాగాలు కూడా ఉంటాయని, తెగేవి చాలాసార్లు అవేనని నాకు తెలిసింది ఆ తరవాతే.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండే మన తెలుగువాళ్లకు ఈ దెబ్బ తగిలితే వైద్యంతో పాటు ఇంకో ప్రశ్న కూడా వచ్చిపడుతుంది. దగ్గరి పట్టణంలో ఎక్స్‌రే, పిండికట్టు దొరుకుతాయి. మణికట్టు లోపలికి గొట్టం పంపి చూసే నిపుణుడు కావాలంటే విశాఖపట్నమో భువనేశ్వరో వెళ్లాలి. ఏ చికిత్స మంచిదన్న ప్రశ్నకు, ఆ చికిత్స తరవాత వచ్చే మూడు నెలలూ మనం దాన్ని సాగించగలమా అన్న ప్రశ్న జోడించకుండా జవాబు దొరకదని నా అభిప్రాయం. నేను వైద్యుణ్ని కాను. చేతిని పరీక్షించి చెప్పే మాటకు ఈ వ్యాసం బదులు కాదు. ఆ గదిలోకి వెళ్లేముందు ఏమేమి తెలిసి ఉండాలో కూర్చడమే ఇక్కడి ప్రయత్నం.

## లోపల ఏముంటుంది

మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలు ఉంటాయి. బొటనవేలి వైపుది రత్ని, చిటికెన వేలి వైపుది అరత్ని. వాటి ముందు రెండు వరుసల్లో ఎనిమిది చిన్న ఎముకలు పేర్చినట్టుంటాయి. రత్ని ఆ చిన్న ఎముకలకు నేరుగా ఆనుకుంటుంది కానీ అరత్ని ఆనుకోదు. అక్కడ మిగిలిన సందులో త్రికోణాకారపు మృదులాస్థి పళ్లెం ఒకటి, దాని అంచులను ఎముకలకు బిగించి పట్టుకునే లిగమెంట్లు ఉంటాయి. ఈ మొత్తాన్నే వైద్యులు టీఎఫ్‌సీసీ అంటారు. దీని నడిమి భాగం చేతిపంపులోని తోలు వాషరు లాంటిది, బరువును ఓర్చుకుంటుంది. అంచులు పలుపుతాడు లాంటివి; అరచెయ్యి పైకీ కిందికీ తిప్పినప్పుడు రత్ని, అరత్ని విడిపోకుండా కట్టి ఉంచుతాయి. చేతి మీద పడే బరువులో దాదాపు 80 శాతం రత్ని గుండా, మిగిలిన 20 శాతం ఈ పళ్లెం మీదుగా అరత్నికి పోతుందని లెక్క. అరత్ని పుట్టుకతోనే కొంచెం పొడవుగా ఉన్నవారిలో ఆ వాటా పెరిగి, పళ్లెం త్వరగా అరుగుతుంది.

తరచుగా తెగే రెండోది మణికట్టు నడుమ, కాస్త బొటనవేలి వైపుగా, చేతి వెనకభాగాన ఉంటుంది. పడవ ఆకారపు స్కాఫాయిడ్ ఎముకనూ నెలవంక ఆకారపు లూనేట్ ఎముకనూ కలిపి పట్టే లిగమెంటు ఇది. టీఎఫ్‌సీసీ తెగితే ఎక్కువగా నొప్పి బాధిస్తుంది. ఈ రెండో లిగమెంటు పూర్తిగా తెగి పట్టించుకోకపోతే మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ ఎముకల అమరికే చెదిరి, కీలు అరిగిపోతుంది. అందుకే రెంటికీ నిర్ణయం తీసుకోవాల్సిన తొందర ఒక్కటి కాదు.

## ఎంపికల మాట ఎత్తకముందు

కొన్ని లక్షణాలు కనపడితే పోలికలు పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చెయ్యి వంకర తిరగడం, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కడం, గాయం తెరుచుకుని ఉండడం, జ్వరంతో పాటు కీలు ఎర్రబడి వాయడం అలాంటివి. కట్టు కట్టించుకున్నాక వేళ్లు నీలంగా, చల్లగా మారినా, వేళ్లు చాపితే భరించలేని నొప్పి వచ్చినా, తెల్లవారే దాకా ఆగకూడదు. వెంటనే కట్టు విప్పించాలి.

బొటనవేలు వెనక్కి చాపితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగున్నా స్కాఫాయిడ్ విరిగి ఉండవచ్చునని అనుమానించాలి. ఈ ఎముకలో సన్నని పగులు మొదటి రోజు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. చెయ్యి కట్టులో ఉంచి, పది పద్నాలుగు రోజుల తరవాత మళ్లీ తీయించాలి, లేదా స్కానింగ్ చేయించాలి. దీన్ని వదిలేస్తే ఎముకకు రక్తం అందక అతుక్కోకుండా పోయే ప్రమాదం ఉంది.

## ఏ కొలతలతో తూచాలి

మొదటి కొలత, తెగింది ఎక్కడ. 1989లో పామర్ అనే అమెరికన్ శస్త్రచికిత్సకుడు టీఎఫ్‌సీసీ దెబ్బలను దెబ్బ వల్ల తెగినవి, అరుగుదల వల్ల చిల్లు పడినవి అని రెండు తరగతులు చేశాడు. ఆ విభజన నేటికీ వాడుకలో ఉంది. రక్తనాళాలు పళ్లెం అంచులకే వస్తాయి, నడిమికి రావు. అందువల్ల అంచు తెగితే, కదలకుండా ఉంచినా కుట్టినా, అతుక్కునే అవకాశం ఉంటుంది. నడుమ పడిన చిల్లు ఎన్ని వారాలు కట్టులో ఉంచినా అతుక్కోదు. నొప్పి తగ్గవచ్చు, చిల్లు మాత్రం అలాగే ఉంటుంది. నొప్పి తగ్గడమూ చిల్లు పూడడమూ ఒకటి కాదని గ్రహిస్తే సగం అయోమయం తీరుతుంది.

రెండోది, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది, కీలు వదులైందా లేదా అన్నది. వైద్యుడు ఒక చేత్తో రత్నిని పట్టుకుని, ఇంకో చేత్తో అరత్ని కొసను ముందుకూ వెనక్కూ కదిపి చూస్తాడు, దెబ్బ తగలని మన రెండో చేతితో పోలుస్తాడు. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్ష చాలా నిర్ణయాలకు మూలం. కీలు బిగువుగా ఉంటే ఆగి చూడవచ్చు. వదులుగా ఉంటే ఆగేకొద్దీ నష్టం. నా చేతిని అలా కదిపి చూసింది మూడో వైద్యుడు. అంతకుముందు ఇద్దరూ ఫిల్ము చూశారు గానీ చెయ్యి ముట్టుకోలేదు.

మూడోది కాలం. తెగిన కొసలు కొత్తగా ఉన్నప్పుడు కుట్టుకు పట్టు దొరుకుతుంది. ముఖ్యంగా స్కాఫాయిడ్, లూనేట్ మధ్య లిగమెంటు విషయంలో మొదటి ఆరు వారాల లోపు చేసే రిపేరుకూ, ఏడాది తరవాత చేసేదానికీ పోలికే లేదు. నాలుగోది, అరత్ని పొడవు, కీలు అరుగుదల. వీటిని సరిగ్గా తీసిన మామూలు ఎక్స్‌రే చెప్పేస్తుంది. ఐదోది మీ చెయ్యి రోజంతా చేసే పని. ఆరోది, కట్టు మార్పించుకోవడానికీ ఫిజియోథెరపీకీ మీరు ఎన్నిసార్లు వెళ్లిరాగలరన్నది. ఈ ఆరోదాన్ని వైద్యుడు అడగడు. మనమే చెప్పుకోవాలి.

## ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ, గొట్టం పరీక్ష

ఎక్స్‌రే పనికిరాదనుకోవడం పొరపాటు. రెండు చేతులకూ, పిడికిలి గట్టిగా బిగించి తీయమని అడిగితే, స్కాఫాయిడ్, లూనేట్ మధ్య సందు పెరిగిందేమో బయటపడుతుంది. ఆ సందు 3 మిల్లీమీటర్లు దాటితే లిగమెంటు తెగిందని అనుమానిస్తారు. పిడికిలి బిగించకుండా తీస్తే అదే చెయ్యి మామూలుగా కనపడవచ్చు.

ఎంఆర్‌ఐ మెత్తని భాగాలను చూపిస్తుంది కానీ, మణికట్టు చిన్న కీలు కావడంతో యంత్రం శక్తిని బట్టి, చేతికి చుట్టే కాయిల్‌ను బట్టి స్పష్టత మారుతుంది. డబ్బు కట్టేముందు మణికట్టుకు ప్రత్యేకమైన కాయిల్ ఉందా, యంత్రం 1.5 టెస్లానా 3 టెస్లానా అని అడగండి. ఒక హెచ్చరిక: యాభై దాటినవారిలో నొప్పి ఏమీ లేని చేతికి తీసినా టీఎఫ్‌సీసీ అరిగినట్టు, చిల్లు పడినట్టు రావడం మామూలే. రిపోర్టులో "తెగింది" అన్న మాట చూసి ఆపరేషన్‌కు పరుగెత్తనవసరం లేదు. వేలితో నొక్కి నొప్పి చూపించే చోటూ, రిపోర్టు చెప్పే చోటూ ఒక్కటైతేనే ఆ రిపోర్టుకు విలువ. ఆర్థ్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రం గుండా కెమెరా గొట్టం పంపి చూడడం, అన్నింటికన్నా నమ్మదగినది. అయితే అది కూడా ఆపరేషనే కాబట్టి కేవలం చూడడానికి కాక, చూసి అప్పుడే బాగుచేయడానికి వాడతారు.

ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి శరీరాన్ని పైకి లేపబోతే చిటికెన వేలి వైపు గుచ్చినట్టు నొప్పి వస్తే టీఎఫ్‌సీసీని, చేతి వెనక నడిమిభాగంలో వస్తే రెండో లిగమెంటును అనుమానించవచ్చు. ఇది అనుమానం వరకే. అక్కడ నొప్పి పెట్టే కారణాలు ఇంకా ఉన్నాయి.

## ఒక చూపులో

| మార్గం | ఎవరికి నప్పుతుంది | చేతికి విశ్రాంతి | ఏమి ఆశించకూడదు |
|---|---|---|---|
| నాటు కట్టు, మర్దన | ఈ దెబ్బలకు నప్పదు | – | తెగినది అతుక్కోవడం |
| సాగే బ్యాండు | తేలికపాటి బెణుకు, కోలుకునే చివరి దశ | అక్కర్లేదు | చెయ్యి తిరగడాన్ని ఆపడం |
| స్ప్లింట్ లేదా పిండికట్టు, ఆపై వ్యాయామం | బిగువుగా ఉన్న కీలు, కొత్త దెబ్బ | 4 నుంచి 6 వారాలు | నడిమి చిల్లు పూడడం |
| స్టెరాయిడ్ ఇంజెక్షన్ | అరుగుదల వల్ల వచ్చిన నొప్పి | కొద్ది రోజులు | శాశ్వత ఉపశమనం |
| గొట్టంతో శుభ్రం చేయడం | నడిమి చిల్లు, కీలు బిగువు | కొద్ది వారాలు | వదులైన కీలు బిగియడం |
| అంచు కుట్టడం | అంచు తెగి కీలు వదులైనవారు | 6 వారాలు, పూర్తి పనికి 3 నుంచి 6 నెలలు | త్వరగా పనిలోకి దిగడం |
| అరత్ని కుదించడం | అరత్ని పొడవు, అరుగుదల | ఎముక అతికే దాకా, నెలలు | చిన్న ఆపరేషన్ అనుకోవడం |

## నాటు కట్టు గురించి నిజాయితీగా

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాడు ఉండడు. మన వైపు ఊళ్లలోనూ ఆకుపసరు, గుడ్డుసొన, వెదురుబద్దలతో కట్టేవారున్నారు. మా అత్తయ్య కూడా "నూనె రాసి ఒక్కసారి లాగిస్తే సర్దుకుంటుంది నాయనా" అని రెండు రోజులు నా వెంటపడింది. ఎముక కదలకుండా ఉంచితే అతుక్కుంటుందన్న సూత్రం ఆ కట్టులోనూ ఉంది, కాదనను. మణికట్టు లోపల తెగిన అంచుకు కావలసింది ముంజేయి తిరగకుండా ఆపడం. మణికట్టు చుట్టూ కట్టిన ఏ కట్టూ ఆ తిరుగుడును ఆపలేదు. లాగడం, మెలిపెట్టడం వల్ల సగం తెగినది పూర్తిగా తెగవచ్చు. కట్టు మరీ బిగిస్తే కండరాలకు రక్తం అందక చెయ్యి శాశ్వతంగా ముడుచుకుపోయిన సందర్భాలను ఎముకల వైద్యులు ఇప్పటికీ చూస్తున్నారు. పెద్దల మాట తీసివేయలేకపోతే నొప్పి లేని చోట పైపైన నూనె రాయించుకుని, లాగనివ్వకుండా బయటపడండి.

## బ్యాండు, స్ప్లింట్, పిండికట్టు: మూడూ ఒకటి కాదు

మందుల దుకాణంలో దొరికే సాగే బ్యాండు వాపును కొంచెం అదుపు చేస్తుంది, జాగ్రత్తగా ఉండాలని గుర్తుచేస్తుంది, అంతకుమించి చేయదు. నాలుగు నెలలు నేను తొడుక్కున్నది అదే. లోపల లోహపు పట్టీ ఉన్న స్ప్లింట్ మణికట్టు వంగకుండా ఆపుతుంది. కానీ తలుపు గడియ తిప్పినా, బట్టలు పిండినా ముంజేయి తిరుగుతూనే ఉంటుంది. అంచు కొత్తగా తెగినప్పుడు వైద్యులు మోచేయి పైదాకా పిండికట్టు వేసేది ఆ తిరుగుడును ఆపడానికే. అది చాలా ఇబ్బంది. అన్నం ఎడమచేత్తో తినాలి, చొక్కా గుండీలు ఇంకెవరో పెట్టాలి. ఆ ఇబ్బందిని భరించలేక రెండు వారాలకే విప్పించుకునేవారు ఎక్కువ. విప్పించుకుని "కట్టు పనిచేయలేదు" అంటారు.

కట్టు తీశాక మొదట నొప్పి లేనంత మేరకు కదలిక, తరవాత ముంజేయి కండరాల బలం, చివరగా పిడికిలి బలం అన్న క్రమం పాటించాలి. తడి తువ్వాలు మెలిపెట్టి పిండడం ఈ క్రమంలో చివరి మెట్టు. మన ఇళ్లలో ఆడవాళ్లు కట్టు విప్పిన మర్నాడే చేసే మొదటి పని అదే కావడం విచారకరం. నా విషయంలో అంచు కొంత తెగింది, కీలు బిగువుగానే ఉంది. ఆలస్యమైనా ముందు కట్టుతో ప్రయత్నిద్దామన్నాడు వైద్యుడు. ఆరు వారాలు స్ప్లింట్, మూడు నెలలు వ్యాయామం. ఇప్పుడు తాళం తిరుగుతుంది, నల్లబల్ల మీద రాయగలను. బిగుసుకున్న పచ్చడి జాడీ మూత తీయబోతే మాత్రం పాత చోటే చురుక్కుమంటుంది. దానికోసం ఆపరేషన్ చేయించుకోవాలని నాకు అనిపించలేదు.

## ఇంజెక్షన్

కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ వాపును తగ్గిస్తుంది, తెగినదాన్ని అతికించదు. అరుగుదల నొప్పితో, పంట కోతలో వారం పది రోజులు తప్పనిసరిగా పని చేయాల్సిన మనిషికి అది ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వవచ్చు. నిన్నమొన్న తెగిన అంచు ఉన్న యువకుడికి అదే ఇంజెక్షన్ నొప్పిని మరుగుపరిచి, చేతిని ఇంకా పాడుచేసుకునే స్వేచ్ఛ ఇస్తుంది. షుగరు ఉన్నవారికి ఇంజెక్షన్ తరవాత కొద్ది రోజులు రక్తంలో చక్కెర పెరుగుతుంది కాబట్టి ముందే చెప్పాలి. రెండు మూడు సార్లకు మించి అదే చోట పొడిపించుకోవద్దని చాలామంది వైద్యులు అంటారు. సొంత రక్తం నుంచి తీసి ఎక్కించే పీఆర్‌పీకి ప్రచారం చాలా ఉంది. మణికట్టు విషయంలో దానికి గట్టి ఆధారం ఇంకా లేదు. ఖర్చు మాత్రం ఉంది.

## ఆపరేషన్లలో ఏది

మూడు నాలుగు నెలలు సరైన కట్టు, వ్యాయామం చేసినా నొప్పి పని చేయనివ్వకపోతే, లేదా మొదటి నుంచే కీలు వదులుగా ఉంటే, ఆపరేషన్ మాట వస్తుంది. చెయ్యి వరకే మత్తు ఇచ్చి చేయడం ఎక్కువ. చాలామంది మర్నాటికల్లా ఇంటికి వెళ్లగలరు. ఆపరేషన్ చిన్నదే కావచ్చు గానీ కోలుకోవడం చిన్న విషయం కాదు.

నడిమి చిల్లు అయితే గొట్టం గుండా చిరిగిన అంచులను కత్తిరించి నునుపు చేస్తారు. కీలు నిలకడకు కావలసిన బయటి అంచును ముట్టుకోరు. కోలుకోవడం సులభం, తేలిక పనులు కొద్ది వారాల్లో చేసుకోవచ్చు. అరత్ని పొడవుగా ఉన్న మనిషికి ఇదొక్కటే చేస్తే, రాపిడికి కారణం అలాగే ఉండిపోయి నొప్పి తిరగబెట్టవచ్చు.

అంచు తెగి కీలు వదులైతే దాన్ని కుట్టాలి, లేదా యాంకరు అనే చిన్న మేకులాంటి దానితో ఎముకకు బిగించాలి. ఆపై ఆరు వారాల పాటు ముంజేయి తిరగకుండా కట్టు, తరవాత నెలల తరబడి ఫిజియోథెరపీ ఉంటాయి. చేతి వెనక, చిటికెన వేలి వైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం కుట్టు వేసే చోటుకు దగ్గరగా పోతుంది కనుక, అక్కడ కొన్నాళ్లు తిమ్మిరి ఉండే అవకాశముంది. తిరిగి సైకిలు, క్రికెట్ బ్యాటు పట్టడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.

అరత్నిని కుదించే ఆపరేషన్‌లో ఎముకను కొన్ని మిల్లీమీటర్ల మేర కోసి తీసి, పలకతో, మరలతో బిగిస్తారు. పళ్లెం మీది బరువు తగ్గుతుంది, ఫలితం నిలకడగా ఉంటుంది. కానీ కోసిన ఎముక అతకాలి, దానికి నెలలు పడుతుంది. బీడీ, సిగరెట్ తాగేవారిలో అతకడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అతకదు కూడా. పలక చర్మం కింద గుచ్చుకుంటే తరవాత తీయించుకోవడానికి ఇంకో ఆపరేషన్ కావచ్చు.

స్కాఫాయిడ్, లూనేట్ మధ్య లిగమెంటుది వేరే దారి. కొంత మేర తెగి ఎముకలు కదలకపోతే కట్టు, వ్యాయామం సరిపోతాయి. పూర్తిగా తెగితే తొలి వారాల్లోనే కుట్టి, ఎముకలను సన్నని తీగలతో కొన్ని వారాలు నిలిపి ఉంచుతారు. నెలలు దాటితే కుట్టడానికి కొసలు మిగలవు. వేరే కండర తాడును అరువు తెచ్చి నిర్మించాలి, అప్పుడు కదలిక కొంత తగ్గుతుంది. కీలు అరిగిపోయాక మిగిలేవి చిన్న ఎముకల వరుసను తీసేయడం, కొన్ని ఎముకలను ఒకదానికొకటి అతికించడం లాంటి చివరి ప్రయత్నాలే. ఈ ఒక్క దెబ్బ విషయంలో మాత్రం ఆగి చూద్దామనే సలహాను నేను ఇవ్వను.

## కొమ్ము పని చేసే చేతికీ, ఎముక కుదించడానికీ మధ్య

పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకు పేరున్న ఊరు. మా వీధి చివర ఉండే కొమ్ము పనివాడు యాభైకి దగ్గరపడినవాడు. పశువు కొమ్మును కాచి, చదును చేసి, కొంగ మెడలా వంచి, ఆకురాయితో రుద్దుతాడు. ఒకనాడు ఎదురుగా కూర్చుని గమనించాను: ప్రతి రుద్దుకూ మణికట్టు చిటికెన వేలి వైపుకు వాలుతుంది, పిడికిలి బిగుస్తుంది, ముంజేయి కొంచెం మెలి తిరుగుతుంది. టీఎఫ్‌సీసీ మీద బరువు పెంచే కదలికలు మూడూ ఒక్క రుద్దులోనే ఉన్నాయి. రోజుకు ఎన్ని వేల రుద్దులో ఆయనే లెక్కపెట్టలేదు.

ఆయన చేతి ఎక్స్‌రేలో అరత్ని పొడవుగా ఉంది, ఎంఆర్‌ఐలో నడుమ చిల్లు ఉంది, కీలు బిగువుగా ఉంది. స్ప్లింట్ వేసుకుని రుద్దడం సాధ్యం కాలేదు. ఇంజెక్షన్ రెండు నెలలు పనిచేసింది. ఎముక కుదించడమే సరైన మార్గమని విశాఖలో చెప్పారు. "మాస్టారూ, ఎముక అతికేదాకా కూర్చుంటే దీపావళికి ఒప్పుకున్న సరుకు ఎవరు రుద్దుతారు?" అని ఆయన నన్ను అడిగాడు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అరుగుదల వల్ల వచ్చిన చిల్లు కొన్ని నెలలు ఆగినంత మాత్రాన కుట్టలేని స్థితికి పోదు, ఎందుకంటే దాన్ని ఎలాగూ కుట్టరు. కాబట్టి ఆయన ఆగగలడు. అదే ప్రశ్న అంచు తెగి కీలు వదులైన పాతికేళ్ల కుర్రవాడు అడిగితే జవాబు వేరు.

బైకు నడిపేవారికి కుడి చెయ్యి యాక్సిలేటరు మీద వెనక్కి వంగి ఉంటుంది కాబట్టి, కట్టు తీసిన కొత్తలో ఘాటు రోడ్డు మీద ప్రయాణం పెట్టుకోకూడదు. ఇంటిపని చేసే ఆడవాళ్లకు బట్టలు పిండడం, రోట్లో రుబ్బడం, నీళ్ల బిందె చంకకెత్తడం అన్నవి ఆటగాడి సాధనకు ఏమాత్రం తీసిపోని బరువులు. "ఇంట్లోనే ఉంటారు కదా" అన్న మాట వైద్యుడి నోట వచ్చినా, మొగుడి నోట వచ్చినా ఒప్పుకోవద్దు. ఆరు వారాలు ఆ పనులు ఎవరు చేస్తారో తేలాకే కట్టు వేయించుకోండి. పదో తరగతి, ఇంటర్ పిల్లలకు పరీక్షల తేదీ చూసుకోవాలి. కీలు బిగువుగా ఉంటే పరీక్షల తరవాత చూసుకోవచ్చు, వదులుగా ఉంటే పరీక్షకు రాసిపెట్టే సహాయకుణ్ని అడగడం మేలు.

## ఎక్కడికి వెళ్లాలి

మొదటి చూపుకు జిల్లా కేంద్ర ఆసుపత్రి చాలు. ఎక్స్‌రే, పిండికట్టు, ఎముకల వైద్యుడు అక్కడ దొరుకుతారు. నోటి మాటతో లక్షణాలు చెప్పేటప్పుడు ఒడియాలో మణికట్టును కచటి అంటారన్నది గుర్తుంచుకుంటే చాలు, మిగతాది వేలితో చూపించవచ్చు. బరంపురంలోని ఎంకేసీజీ, కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలలు రెండో మెట్టు. ఆర్థ్రోస్కోపీ చేసే చేతి నిపుణుడు కావాలంటే భువనేశ్వర్ ఎయిమ్స్ గానీ విశాఖపట్నం గానీ వెళ్లేవారే ఎక్కువ. గుణుపురం, పర్లాకిమిడి వాళ్లకు నౌపడ మీదుగా, రాయగడ వాళ్లకు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైలు ఉంది కాబట్టి విశాఖ సులువుగా అనిపిస్తుంది. తెలుగులో మాట్లాడుకోవచ్చన్న ధైర్యం కూడా ఉంటుంది. ఆ ధైర్యానికి విలువ ఉంది. వ్యాయామం ఎలా చేయాలో భాష అర్థం కాకుండా నేర్చుకోవడం కష్టం.

డబ్బు విషయంలో ఒక మెలిక ఉంది. ఒడిశా రేషన్ కార్డు ఉన్నవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఆరోగ్య పథకం వర్తించదు. 2025లో ఒడిశా కూడా ఆయుష్మాన్ భారత్‌లో చేరి, దాన్ని గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి అమలు చేస్తోంది. ఆ కార్డుతో పథకం జాబితాలో ఉన్న ఇతర రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ చేరవచ్చు. బయలుదేరేముందే ఫోనులో ఆ ఆసుపత్రి ఎముకల విభాగానికి జాబితాలో ఉందా, మీకు చెప్పిన ఆపరేషన్ ప్యాకేజీలో ఉందా అని ఆరోగ్య మిత్రను అడగండి. ఆయుష్మాన్‌లో చేరికకు ముందు 3 రోజుల, తరవాత 15 రోజుల ఖర్చు మాత్రమే కలుస్తుంది. మణికట్టు ఆపరేషన్ తరవాత ఫిజియోథెరపీ అసలు మొదలయ్యేదే ఆరో వారంలో కనుక, ఆ ఖర్చూ ప్రయాణమూ మన జేబువే.

అందుకే నేనైతే ఆపరేషన్ విశాఖలో, వ్యాయామం సొంత ఊళ్లో అన్న పద్ధతికే మొగ్గుతాను. నిపుణుడు వారాలవారీగా ఏమి చేయాలో, ఏది చేయకూడదో రాసిచ్చిన కాగితాన్ని మన ఊరి ఫిజియోథెరపిస్టు చేతిలో పెట్టాలి. ఆ కాగితం అడక్కుండా ఎవరూ ఇవ్వరు. డిశ్చార్జి రోజున మత్తు దిగీదిగని స్థితిలో మనకు గుర్తుకు రాదు కాబట్టి, ఆ పనిని వెంట వచ్చినవారికి అప్పగించాలి.

వైద్యుడి గదిలో అడగాల్సినవి నేను ఒక చీటీ మీద రాసుకుని వెళ్లాను. తెగింది అంచా, నడుమా? కీలు బిగువుగా ఉందా? అరత్ని పొడవుగా ఉందా? మూడు నెలలు ఆగితే ఏమి పోతుంది? కట్టు మోచేయి పైకా, కిందికా? మీరు చెప్పే ఆపరేషన్‌ను మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? ఆరో ప్రశ్న అడగడానికి మొహమాటపడ్డాను గానీ ఆయన నొచ్చుకోలేదు, సూటిగా చెప్పాడు.

కొమ్ము పనివాడు కార్తీకం దాటాక తేదీ తీసుకున్నాడు. ఎముక అతకదేమోనన్న భయంతో బీడీ మానేసి నలభై రోజులైందట. ఈలోగా ఆకురాయి పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకున్నాడు. పిడి లావైతే పిడికిలి తక్కువగా బిగుస్తుంది, చిటికెన వేలి వైపు బరువు కొంత తగ్గుతుంది. పెద్ద కొంగలను కొడుకు రుద్దుతున్నాడు, ఆయన కళ్లు చెక్కడం వరకే చూసుకుంటున్నాడు.